పొట్టకు పట్టీ... ఎన్నాళ్లు గట్టి?

పేగులు కోయక్కర్లేదు. పొట్ట కత్తిరించక్కర్లేదు. ఓ చిన్న పట్టీ బిగించుకుంటే చాలు... ఆకలి తగ్గుతుంది, బరువు దిగుతుంది, వద్దనుకుంటే తీసేయొచ్చు! 2000 తర్వాత అమెరికా నుంచి ఆస్ట్రేలియా దాకా లక్షల మంది స్థూలకాయులు నమ్మిన మాట ఇది. అందులో అబద్ధమేమీ లేదు. కానీ చెప్పకుండా వదిలేసిన సంగతులు చాలా ఉన్నాయి. అవి పట్టీ బిగించుకున్న రోజున కాదు, మూడేళ్లకో పదేళ్లకో బయటపడ్డాయి.

చూడ్డానికి అది చంటిపిల్ల చేతి గాజులా ఉంటుంది. మెత్తటి సిలికోన్ వలయం. లోపలివైపు సైకిల్ ట్యూబులా ఉబ్బే చిన్న తిత్తి. దానికో సన్నటి గొట్టం. గొట్టం రెండో కొసన, పొట్ట చర్మం కింద కుట్టిపెట్టే నాణెమంత పోర్టు. అంతే, ఇంకేం లేదు. ఈ వలయాన్ని జీర్ణాశయం పైభాగంలో, అన్నవాహిక వచ్చి కలిసే చోటుకు కాస్త దిగువన చుట్టి తాళం వేసినట్టు బిగిస్తారు. దాంతో జీర్ణాశయం ఇసుక గడియారంలా నడుం దగ్గర సన్నబడుతుంది. పట్టీకి పైన నాలుగు చెంచాల అన్నం పట్టేంత చిన్న సంచి మిగులుతుంది. తిన్నది ముందు అందులోకి చేరి, సన్నటి దారిగుండా మెల్లగా కిందికి జారాలి. నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు ఉంటుంది. డాక్టర్లు దీనికి పెట్టిన పేరు గ్యాస్ట్రిక్ బ్యాండ్. జనం నోట్లో నానింది మాత్రం ఓ కంపెనీ బ్రాండు పేరు... ల్యాప్‌బ్యాండ్.

దీని గొప్పతనమల్లా బిగింపు మార్చుకునే వీలుండటమే. పోర్టులోకి ప్రత్యేకమైన సూది గుచ్చి కాస్త సెలైన్ ఎక్కిస్తే తిత్తి ఉబ్బి పట్టీ బిగుస్తుంది. తీసేస్తే వదులవుతుంది. ఆపరేషనయిన నెలా పదిహేను రోజులకు మొదటిసారి సెలైన్ ఎక్కించి, ఆ తర్వాత మనిషి తినే తీరునీ తగ్గే బరువునీ చూస్తూ కొంచెం కొంచెంగా సరిచేస్తూ పోతారు. గర్భం వస్తే వదులు చేయొచ్చు, ప్రసవం అయ్యాక మళ్లీ బిగించొచ్చు. జీర్ణాశయాన్ని చాలావరకు కోసి తీసేసే స్లీవ్‌లోగానీ, పేగుల దారినే మళ్లించే బైపాస్‌లోగానీ ఈ సౌలభ్యం లేదు.

అందుకే చాలా దేశాల్లో అంత ఆదరణ వచ్చింది.

గొర్రెల కాపరి చేసిన ఆపరేషన్

ఈ పట్టీ కథలో ఓ ముచ్చటైన మలుపుంది. ఉక్రెయిన్ మూలాలుండి న్యూజెర్సీలో స్థిరపడిన సర్జన్ లుబోమిర్ కుజ్మాక్ 1983లో జీర్ణాశయానికి సిలికోన్ పట్టీ చుట్టడం మొదలుపెట్టారు. 1986 నాటికి దానికి బిగింపు మార్చుకునే తిత్తిని జోడించారు. దాదాపు అదే సమయంలో స్వీడన్‌లో డాగ్ హాల్‌బెర్గ్, పీటర్ ఫోర్సెల్ కూడా అలాంటిదే తయారుచేశారు. అయితే అప్పట్లో పొట్టను పెద్దగా కోస్తే తప్ప పట్టీ వేయడం కుదిరేది కాదు. ఆ ఇబ్బందిని తప్పించింది మితికు బెలాచ్యూ. ఇథియోపియా పల్లెలో గొర్రెలు కాసిన కుర్రాడు బెల్జియం వెళ్లి సర్జన్ అయ్యాడు. చిన్న రంధ్రాల ద్వారా, లాప్రోస్కోపీతో, ఈ పట్టీని వేసే పద్ధతిని 1993 సెప్టెంబరులో బెల్జియంలో మొదలుపెట్టింది ఆయనే. పెద్ద కోత లేదు, వారాల తరబడి మంచంమీద పడి ఉండక్కర్లేదు. ఇక పట్టీకి తిరుగులేకుండా పోయింది.

2001 జూన్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. 2011 ఫిబ్రవరిలో అర్హతను ఇంకాస్త సడలించి, బీఎంఐ 30 దాటి దానికి తోడు మధుమేహం, రక్తపోటులాంటి జబ్బేదైనా ఉన్నవాళ్లూ వేయించుకోవచ్చంది. ఆ ఏడాది అమెరికాలో జరిగిన బరువు తగ్గించే ఆపరేషన్లు దాదాపు లక్షా 58 వేలు. వాటిలో మూడింట ఒక వంతుకు పైగా ఈ పట్టీవే.

ఐదేళ్లు తిరిగేసరికి, 2016లో ఆ వాటా 3.4 శాతానికి పడిపోయింది. 2019కల్లా ఒక శాతం కన్నా తక్కువ! ఒక వైద్య పరికరం ఇంత వేగంగా పైకెళ్లి ఇంత వేగంగా కిందపడటం అరుదు. మధ్యలో ఏం జరిగింది?

హోర్డింగులో లేని అంకెలు

కొత్తగా బయటపడిన రహస్యమేమీ లేదు. చాలా సంగతులు మొదట్నుంచీ కాగితాల్లోనే ఉన్నాయి. అనుమతి కోసం అమెరికాలో 299 మందిమీద చేసిన పరీక్షలే చూడండి. వాళ్లలో సగం మందికి వికారం, వాంతులు. 34 శాతానికి తిన్నది, ఆమ్లం పైకి ఎగదన్నే ఇబ్బంది. 24 శాతానికి పట్టీ జారడమో, పైనున్న సంచి సాగిపోవడమో. మొత్తమ్మీద నలుగురిలో ఒకరికి పట్టీని పూర్తిగా తీసేయాల్సి వచ్చింది. ఈ అంకెలన్నీ కంపెనీవాళ్లు డబ్బాతోపాటు ఇచ్చే కరపత్రంలో చిన్న అక్షరాల్లో అచ్చయి ఉండేవి. అంత చిన్న అక్షరాలు చదివి ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు ఎందరుంటారు?

జనం చూసింది రోడ్డు పక్కన హోర్డింగుల్ని. దక్షిణ కాలిఫోర్నియాలో ఫ్రీవేల పొడవునా సన్నగా నవ్వే అమ్మాయిల బొమ్మలు, కింద ఓ ఫోన్ నెంబరు. ఆ ప్రకటనల ద్వారా నడిచిన కేంద్రాల్లో 2009 తర్వాత పట్టీ ఆపరేషన్ చేయించుకున్న ఐదుగురు మరణించారని లాస్ ఏంజిలెస్ టైమ్స్ పత్రిక వరసగా కథనాలు రాసింది. చివరికి 2011 డిసెంబరులో, నష్టాల సంగతి సరిగా చెప్పకుండా ప్రచారం చేస్తున్నారంటూ ఎనిమిది సర్జరీ కేంద్రాలకూ, ప్రకటనల సంస్థకూ ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖలు పంపింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అనుభవమున్న చేతుల్లో పట్టీ ఆపరేషన్ ప్రాణాంతకం కాదు. అప్పట్లో ఉన్న స్థూలకాయ శస్త్రచికిత్సలన్నింటిలో మరణాల రేటు తక్కువగా ఉన్నది దీనికే. ప్రమాదం ఆపరేషన్ బల్లమీద లేదు... ఆ తర్వాతి ఏళ్లలో ఉంది. పొట్ట కదలకుండా ఉండే అవయవం కాదు కదా! రోజంతా ముడుచుకుంటూ సాగుతూ ఉంటుంది. అలాంటి మెత్తటి కండరం చుట్టూ ఓ పరాయి వస్తువును జీవితాంతం ఉంచితే ఏదో ఒక రోజు రెండింటికీ పడకపోవడంలో వింతేముంది?

జారిందంటే...

పట్టీ వేయించుకున్నవాళ్లను ఎక్కువగా భయపెట్టేది జారిపోవడం. పేరుకు పట్టీ జారిందంటారుగానీ, నిజానికి జారేది జీర్ణాశయం. పట్టీ కింద ఉండాల్సిన భాగం మెల్లగా వలయంలోంచి పైకి ఎగబాకుతుంది. పైన సంచి పెద్దదవుతుంది, దారి మూసుకుపోతుంది. గబగబా తినడం, పట్టీని మరీ బిగించడం, మాటిమాటికీ వాంతులు చేసుకోవడం... అన్నీ దీనికి దారితీసేవే. ఆపరేషన్ తర్వాత తొలి వారాల్లో ద్రవాలే తీసుకోమంటే ఆత్రంగా అన్నం, చపాతీ తినేయడమూ అంతే.

మొదట్లో డాక్టర్లు పట్టీని జీర్ణాశయం గోడకు బాగా ఆనించి వేసేవారు. అలా వేసినవి ఎక్కువగా జారుతున్నాయని తేలాక, 2000 ప్రాంతంలో పద్ధతి మార్చారు. చుట్టూ ఉండే కొవ్వు పొరను కూడా కలుపుకొని, వెనక నుంచి కాస్త ఎత్తులో పట్టీని దూర్చడం మొదలుపెట్టారు. జారడాలు బాగా తగ్గాయి. పూర్తిగా పోలేదు.

ఎలా తెలుస్తుంది? నిన్నటిదాకా దిగిన ఇడ్లీ ముక్క ఇవాళ దిగదు. తర్వాత మజ్జిగ కూడా దిగదు. రాత్రి పడుకుంటే నోట్లోకి పుల్లటి నీళ్లు, దగ్గు. కొందరికి ఎడమ భుజం దాకా పాకే నొప్పి. ఒక మామూలు ఎక్స్‌రే తీస్తే చాలు, పట్టీ ఏ కోణంలో పడుకుని ఉందో చూసి తెలిసినవాళ్లు చెప్పేయగలరు. అక్కడికక్కడే పోర్టులోంచి సెలైన్ మొత్తం లాగేస్తే చాలామందికి గంటల్లోనే ఊరట దొరుకుతుంది. అదే ఆలస్యమైతే, పైకి ఎగబాకిన భాగానికి రక్తం అందక కుళ్లిపోయే ప్రమాదం ఉంది. అలా కుళ్లితే ఇక బరువు సంగతి కాదు, ప్రాణం సంగతి చూసుకోవాలి. పట్టీ ఉన్న మనిషికి ఆగకుండా కడుపునొప్పి, గుక్కెడు నీళ్లు కూడా దిగని వాంతులు కలిసొస్తే తెల్లారేదాకా ఆగకూడదని డాక్టర్లు పదేపదే చెప్పేది అందుకే. ‘గ్యాసేమోలే, సోడా తాగితే పోతుంది’ అనుకోవడమే ఇక్కడ అసలు ముప్పు.

చప్పుడు చేయకుండా తొలిచేస్తుంది

జారడం ఓ రకంగా నయం, నొప్పి పెట్టి హెచ్చరిస్తుంది. రెండోది అలా కాదు. పట్టీ ఏళ్ల తరబడి ఒరుసుకుంటూ, తడి తాడు బాదిని కోసినట్టు, జీర్ణాశయం గోడను మెల్లగా తొలుచుకుని లోపలికి వెళ్లిపోతుంది. చాలామందికి నొప్పే ఉండదు. ఉన్నట్టుండి ఆకలి పెరుగుతుంది. ఎంత తిన్నా పడుతుంది. బరువు మళ్లీ ఎక్కుతుంది. ఎన్నిసార్లు సెలైన్ ఎక్కించినా బిగుతు అనిపించదు. అవును మరి, పట్టీ ఇప్పుడు పొట్ట బయట లేదు, లోపల ఉంది! మరికొందరిలో ఆపరేషనయిన ఏడాదికో రెండేళ్లకో పోర్టు ఉన్నచోట ఎర్రబారి, వాచి, చీము పడుతుంది. పైకి అది మామూలు సెగగడ్డలా కనిపిస్తుంది. యాంటీబయాటిక్ వాడితే తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. లోపల పొట్టలోంచి బయల్దేరిన ఇన్‌ఫెక్షన్ గొట్టం వెంబడి నడిచొచ్చిందని ఎండోస్కోపీ చేస్తేగానీ తెలియదు. అలాంటి పట్టీని తీసేయడం తప్ప మార్గం లేదు.

ఇది ఎంతమందికి జరుగుతుంది? ఇక్కడే డాక్టర్లు రెండు వర్గాలయ్యారు. బ్రసెల్స్‌లో 1994-97 మధ్య పట్టీ వేయించుకున్న 151 మందిని పన్నెండేళ్ల తర్వాత జాక్ హింపెన్స్ బృందం వెతికింది. దొరికింది 82 మంది. వాళ్లలో 28 శాతానికి పట్టీ పొట్టలోకి తొలుచుకుపోయింది. దాదాపు సగం మందికి తీసేయాల్సి వచ్చింది. ఈ ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. రెండేళ్లకు మెల్‌బోర్న్ నుంచి పాల్ ఓబ్రియన్ బృందం ఇంకో లెక్క చెప్పింది. వాళ్లు పట్టీ వేసిన 3,227 మందిలో తొలుచుకుపోయింది 3.4 శాతానికి. పూర్తిగా తీసేసింది 5.6 శాతానికే. పదిహేనేళ్లకు కూడా, ఉండాల్సినదానికన్నా అదనంగా ఉన్న బరువులో సగటున 47 శాతం తగ్గే ఉంది.

ఒకే పరికరం, రెండు ఊళ్లు, ఇంత తేడా! కొంత తేడా పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ మధ్య ఉన్నది. బ్రసెల్స్ రోగులకు వేసినవి తొలినాటి పట్టీలు. మిగిలిన తేడా ఆపరేషన్ గదిలో కన్నా దాని బయట ఉందనిపిస్తుంది. మెల్‌బోర్న్ కేంద్రంలో పట్టీ వేయించుకోవడమంటే ఓ క్లినిక్‌తో జీవితకాలం కట్టుబడి ఉండటం. ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు వదలాలి, ఎలా నమలాలి అని పక్కనుండి చూసుకునే బృందం ఉంటుంది. ఫ్రీవే పక్క హోర్డింగు చూసి ఫోన్ చేసినవాళ్లకు ఆ తోడు ఎక్కణ్నుంచి వస్తుంది? అయితే మెల్‌బోర్న్‌లోనూ 26 శాతానికి పైసంచి సాగిపోయి, 21 శాతానికి పోర్టో గొట్టమో పాడై మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చిందన్న సంగతి మరిచిపోకూడదు. ఎంత బాగా చూసుకున్నా మరమ్మతులు తప్పలేదన్నమాట.

మరమ్మతుల ఖర్చు ఎంతో కూడా అమెరికాలో లెక్కతేలింది. వృద్ధులకు, వికలాంగులకు ప్రభుత్వమే బీమా ఇచ్చే మెడికేర్ పథకం కింద 2006-13 మధ్య పట్టీ వేయించుకున్న పాతికవేల మంది వివరాల్ని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తిరగేశారు. 18.5 శాతానికి మళ్లీ ఆపరేషన్ జరిగింది. అదీ ఒకసారి కాదు, అలాంటివాళ్లకు ఒక్కొక్కరికి సగటున దాదాపు నాలుగుసార్లు! పట్టీల కోసం మెడికేర్ పెట్టిన 47 కోట్ల డాలర్లలో దాదాపు సగం ఈ మరమ్మతులకే పోయింది. 2017లో ఈ లెక్క అచ్చయ్యేసరికే జనం పట్టీకి దూరమయ్యారు.

అన్నం దిగదు, ఐస్‌క్రీమ్ దిగుతుంది

అంకెల్లోకి ఎక్కని బాధ ఇంకోటుంది. అది భోజనాల దగ్గర మొదలవుతుంది. పట్టీ ఉన్నవాళ్లు వేలిగోరంత ముద్ద తీసుకుని, మెత్తగా అయ్యేదాకా నమిలి, అది దిగాకే రెండోది అందుకోవాలి. మాటల్లోపడి ఒక్క ముద్ద గబుక్కున మింగితే చాలు... గుండెల మధ్య రాయి పెట్టినట్టు పట్టేస్తుంది. నోరంతా జిగురులాంటి ఉమ్ము. కళ్లవెంట నీళ్లు. లేచి స్నానాల గదికి పరుగెత్తి కక్కేదాకా ఊపిరాడదు. బాగా ఇబ్బందిపెట్టేవి మెత్తటి బ్రెడ్డు, పీచున్న మాంసం, ముద్దగా అతుక్కునే తెల్లన్నం. మూడోది లేకుండా తెలుగువాళ్ల విస్తరి ఉంటుందా! పెళ్లిలో పంక్తిలో కూర్చుని, ‘అదేంటమ్మా, అలా కెలుకుతున్నావు, ఇంకాస్త వడ్డించుకో’ అనే పెద్దమ్మల మధ్య ఇది ఎంత నరకమో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఆపరేషన్ సంగతి బయటికి చెప్పుకోనివాళ్లకైతే మరీను. బరువు తగ్గడానికి కడుపుకు ఆపరేషన్ చేయించుకున్నామని చెబితే, ‘నోరు కట్టుకోలేక ఇంత చేసిందా’ అంటారన్న భయం. అందుకే చాలామంది దాన్ని దాచిపెట్టుకున్నారు. అమెరికాలో న్యూజెర్సీ గవర్నరుగా ఉన్న క్రిస్ క్రిస్టీ అంతటివాడే 2013 ఫిబ్రవరిలో గుట్టుగా పట్టీ వేయించుకుని మే దాకా బయటపెట్టలేదు.

అన్నం దిగకపోతే మనిషి ఊరుకుంటాడా? దిగేది వెతుక్కుంటాడు. ఐస్‌క్రీమ్ దిగుతుంది. పాయసం, మిల్క్‌షేక్, చాక్లెట్ దిగుతాయి. పట్టీ పట్టుకోగలిగింది గట్టి ఆహారాన్నే. నోట్లో వేసుకోగానే కరిగేదాన్ని అదేం చేస్తుంది? దాంతో కూరలూ పప్పూ తగ్గి, చక్కెరా వెన్నా పెరుగుతాయి. మనిషి రోజూ వాంతులు చేసుకుంటూనే బరువు పెరుగుతాడు! డాక్టరు దగ్గరికెళ్తే ఇంకాస్త బిగించమని అడుగుతాడు. బిగిస్తే అన్నం ఇంకా దిగదు, ఐస్‌క్రీమ్ ఇంకా ఎక్కువవుతుంది. చెప్పినట్టు తినలేదన్న నింద మాత్రం రోగిమీదే పడుతుంది. నిజానికి ఎక్కువ బిగింపు వల్ల కిందికి దారి దొరకక అన్నవాహికే సాగి సంచిలా వేలాడే స్థితి కూడా వస్తుంది. అప్పుడు చేయాల్సింది బిగించడం కాదు, వదలడం.

వాంతుల్ని అలవాటుగా తీసుకుంటే పొంచి ఉండే ప్రమాదం మరోటుంది. మన ఊళ్లలో ప్రతి కుటుంబమూ తెలుసుకోవాల్సింది ఇదే. వారాల తరబడి తిన్నది తిన్నట్టు కక్కేస్తుంటే ఒంట్లో బి1 విటమిన్, అంటే థయమిన్ అడుగంటుతుంది. దాని నిల్వలు శరీరంలో కొన్ని వారాలకు మించి ఉండవు. అది లేకపోతే మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాటల్లో తికమక... తాగుడు ముదిరినవాళ్లలో కనిపించే వెర్నికీ జబ్బు ఇదే. మందు వాసన కూడా తెలియని గృహిణికి ఈ జబ్బు వస్తుందని ఇంట్లోవాళ్లు ఎలా ఊహిస్తారు? నీరసంగా ఉందని వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తారు. ఆయన అలవాటు ప్రకారం గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాడు. గ్లూకోజును వాడుకోవడానికి ఒంటికి థయమిన్ కావాలి. ఉన్న కాస్తా దానికే ఖర్చయిపోయి మెదడుకు మిగలదు, జబ్బు గంటల్లో ముదురుతుంది. గ్లూకోజుకు ముందే థయమిన్ ఇంజెక్షన్ ఇవ్వడం ఇక్కడ నియమం. మందు చవకైనదే. ‘మా అమ్మకు పొట్టలో పట్టీ ఉంది, ఇన్ని రోజులుగా వాంతులవుతున్నాయి’ అని డాక్టరుకు ఒక్క మాట చెబితే చాలు. ఆ మాట చెప్పాలంటే, పట్టీ ఉన్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి!

తీసేస్తే పోలేదా?

పోదు. వద్దనుకుంటే తీసేయొచ్చన్న మాట అక్షరాలా నిజమే. కానీ ఏళ్ల తరబడి ఉన్న పట్టీ చుట్టూ శరీరం గట్టి మచ్చ కణజాలాన్ని అల్లేస్తుంది. గోడకు పాకిన మర్రివేరును పీకినట్టే ఉంటుంది పని. తీసేశాక చాలామందికి పాత ఆకలి, పాత బరువు తిరిగొస్తాయి. టీవీ తార షారన్ ఆస్‌బోర్న్ 1999లో వేయించుకున్న పట్టీని 2006లో తీయించేశారు. బరువు మళ్లీ పెరగకూడదంటే స్లీవో బైపాసో చేయాలి. మచ్చలుపడిన పొట్టమీద చేసే ఆ రెండో ఆపరేషన్‌లో కుట్లు కారే ప్రమాదం, మొదటిసారే చేయించుకున్నవాళ్లకన్నా ఎక్కువ. అందుకే కొందరు సర్జన్లు ముందు పట్టీ తీసి, కొన్ని నెలలు పొట్టను కోలుకోనిచ్చి, అప్పుడు రెండోది చేస్తారు.

పట్టీ చోటును ఇవాళ స్లీవ్ ఆక్రమించింది. హైదరాబాదు, విశాఖ, విజయవాడల్లో బేరియాట్రిక్ సర్జరీ అంటే ఇప్పుడు ఎక్కువగా స్లీవ్, బైపాస్‌లే. వాటికి వాటి ఇబ్బందులున్నాయి, అది వేరే కథ. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ ఇంజెక్షన్లు మనదేశంలోకి వచ్చాక కత్తి ఊసే లేకుండా బరువు తగ్గాలనుకునేవాళ్లూ పెరిగారు. బీమా సంగతికొస్తే, ఒకప్పుడు స్థూలకాయ ఆపరేషన్లను పాలసీలు దగ్గరికి రానిచ్చేవి కావు. 2019లో ఐఆర్‌డీఏఐ తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 40 దాటినా, లేదా 35 దాటి తీవ్రమైన జబ్బులు తోడున్నా, డాక్టరు సలహామీద చేసే ఆపరేషన్‌కు మినహాయింపు వర్తించదు. ఆపరేషన్ ఒక్కదానికేనా, తర్వాతి మరమ్మతులకూ ఇస్తారా అన్నది పాలసీ కాగితం చదివి ముందే అడిగి తెలుసుకోవాలి. పట్టీ నేర్పిన లెక్క ప్రకారం అసలు ఖర్చు అక్కడే ఉంటుంది మరి.

కొత్తగా పట్టీ వేయించుకునేవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. కానీ 2000 నుంచి 2012 దాకా వేయించుకున్నవాళ్లలో ఎందరో ఇంకా వాటితోనే బతుకుతున్నారు. అప్పట్లో అమెరికాలో, ఇంగ్లాండులో, ఆస్ట్రేలియాలో ఉద్యోగం చేస్తూ చేయించుకుని, ఇప్పుడు అమ్మానాన్నల్ని చూసుకోవడానికో పిల్లల చదువుల కోసమో తిరిగొచ్చేసినవాళ్లకు ఇది నేరుగా సంబంధించిన విషయం. ఆ ఊళ్లో పట్టీని సరిచేసిన క్లినిక్ ఇక్కడ ఉండదు. కుర్ర డాక్టర్లలో చాలామంది దాన్ని పాఠాల్లో తప్ప చూసి ఉండరు. ఏ బాధా లేదుకదా అని పదేళ్లుగా పట్టించుకోకుండా వదిలేసినవాళ్లు కూడా ఒకసారి బేరియాట్రిక్ సర్జన్‌ను కలిసి బేరియం ఎక్స్‌రే తీయించుకోవడం మంచిది. అన్నవాహిక సాగడంలాంటివి నొప్పి తెలియకుండానే మొదలవుతాయి. కీళ్ల నొప్పులకు మందుల షాపులో దొరికే మాత్రలు వేసుకునే అలవాటుంటే ఆ సంగతీ చెప్పాలి, అవి పట్టీ కింద పొట్ట గోడకు పుండు చేస్తాయి. గర్భిణికి వేవిళ్లు ఎక్కువగా ఉంటే పట్టీని వదులు చేయించమని ముందే అడగాలి.

పోర్టులో మామూలు ఇంజెక్షన్ సూది గుచ్చకూడదు. దాని రబ్బరు మూత తెగి సెలైన్ కారిపోతుంది. క్యాన్సర్ రోగులకు కీమో పోర్టులో వాడే హ్యూబర్ సూదిలాంటిది కావాలి. దగ్గర్లో బేరియాట్రిక్ సర్జన్ లేకపోయినా క్యాన్సర్ ఆసుపత్రి ఉంటే ఆ సూది దొరుకుతుంది. ఆపరేషన్ అయినప్పుడు పట్టీ కంపెనీ, రకం రాసిన ఓ కార్డు చాలామందికి ఇచ్చే ఉంటారు. అది బీరువాలో కాదు, పర్సులో ఉండాలి. దాని వెనకవైపు చివరిసారి పట్టీలో ఎన్ని మిల్లీలీటర్లు ఉంచారో, పోర్టు పొట్టమీద ఏ పక్కన ఉందో కూడా రాసిపెట్టుకుంటే, అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వెళ్లాల్సి వచ్చినప్పుడు డ్యూటీలో ఉన్న డాక్టరు వెతుక్కోకుండా నేరుగా సూది అందుకుంటాడు.